వాయిదా నాటి చెల్లింపు: పిల్లల మనోవర్తి బకాయిల విచారణపై ఒక పరిశీలన

పిల్లల మనోవర్తి గురించి మన న్యాయశాస్త్ర పత్రికల్లో వచ్చే వ్యాసాలు సెక్షన్‌తో మొదలై సుప్రీంకోర్టు తీర్పుతో ముగుస్తాయి. ఉత్తర్వు వచ్చాక తండ్రి కట్టకపోతే తల్లి మళ్లీ కోర్టు మెట్లెక్కి ఏం చేస్తుందో, ఆ రోజు అక్కడ ఏం జరుగుతుందో రాసినవాళ్లు తక్కువ. కోస్తా జిల్లాలో ఒక కుటుంబ న్యాయస్థానంలో బకాయి పిటిషన్ల విచారణలు గమనిస్తూ కూర్చున్నప్పుడు నాకు ఒక అనుమానం కలిగింది. నెలనెలా కట్టమన్న ఉత్తర్వు ఉన్నా అక్కడ డబ్బు నెలనెలా చేతులు మారడం లేదు. కేసు పిలుపుకొచ్చే రోజునే, అదీ పిలుపుకు గంట ముందు వరండాలో మారుతోంది. తండ్రి చేత కట్టిస్తున్నది వాయిదా తేదీయేనని ఈ వ్యాసంలో నా వాదన.

ఈ వాదనకు ఎదురు నిలిచే పుస్తకం డేవిడ్ ఛేంబర్స్ 1979లో ప్రచురించిన 'మేకింగ్ ఫాదర్స్ పే'. మనోవర్తి వసూలుపై మాట్లాడే ప్రతి సదస్సులోనూ దాని నీడ కనిపిస్తుంది. మిషిగన్ రాష్ట్రంలోని 28 కౌంటీల్లో తండ్రుల చెల్లింపులను పరిశీలించి ఆయన తేల్చింది ఇది: ఎగవేతదారులను ఎక్కువగా జైలుకు పంపుతూ, తల్లి ఫిర్యాదు కోసం ఆగకుండా కోర్టు కార్యాలయమే వెంటపడే కౌంటీల్లో వసూళ్లు మెరుగ్గా ఉన్నాయి. జైలు మీద ఆయనకే మనసొప్పలేదు. జీతంలోంచి కోత పెట్టడమే మేలని చెప్పారు. ఆ నిజాయితీ మీద నాకు గౌరవముంది. పేచీ మరోచోట ఉంది. కార్యాలయం తనంతట తాను కదలడాన్ని ఆయన జైలుకు తోడుగా నిలబెట్టారు. నా దృష్టిలో అసలు కారణం అదే, జైలు దానికి తోక. మిషిగన్‌లో 'ఫ్రెండ్ ఆఫ్ ది కోర్ట్' అనే కార్యాలయానికి చట్టబద్ధత 1919 నుంచీ ఉంది. ఛేంబర్స్ చూసిన రోజుల్లో డబ్బు దాని ద్వారానే నడిచేది కాబట్టి ఎవరు ఎన్ని నెలలు ఎగ్గొట్టారో దాని పుస్తకాల్లోనే తెలిసేది. ఆ కార్యాలయం చేసిన పనిని మన దగ్గర ఎవరు చేస్తున్నారన్న ప్రశ్న ఛేంబర్స్‌కు రాలేదు, రావలసిన అవసరమూ లేదు. ఆయన్ను ఇక్కడ ఉటంకించే మనవాళ్లకు రాకపోవడమే నాకు బాధ.

మన దగ్గర ఆ పని తల్లి చేస్తోంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 125(3) కింద అయినా, 2024 జూలై 1 నుంచి దాని స్థానంలోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 144(3) కింద అయినా, బకాయి పడ్డ తేదీ నుంచి ఏడాది లోపల ఆమె దరఖాస్తు పెడితేనే వారంటు. ఒక్క నెల దాటినా ఆ నెల సొమ్ము ఆ దారిలో రాదు. పిటిషన్ వేసిన తర్వాత పడే బకాయిలకు మళ్లీ మళ్లీ విడి పిటిషన్లు అక్కర్లేదని శాంత కేసులో 2005లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా వేర్వేరు పిటిషన్లు వేసి, వేర్వేరు నంబర్లు పట్టుకుని తిరుగుతున్న తల్లులను చూశాను. వారంటు స్టేషన్‌కు వెళ్తే, 'ఇంటి దగ్గర లేడు' అన్న రాతతో తిరిగొస్తుంది. ఆ మనిషి ఏ మేస్త్రి దగ్గర పని చేస్తున్నాడో, సాయంత్రం ఏ సెంటర్లో నిలబడతాడో కానిస్టేబుల్‌కు చెప్పాల్సింది కూడా ఆమే.

ఒక విచారణను దగ్గరగా చెప్పాలి. ఉదయం పదిన్నరకు కాజ్ లిస్టు గోడకు అంటించారు. ఏడో తరగతి చదివే కూతురిని వెంటబెట్టుకొచ్చిన తల్లి, వేలు పెట్టి తన నంబరు వెతుక్కుంది. తండ్రి మీద అంతకు ముందు వాయిదాకే నాన్‌బెయిలబుల్ వారంటు ఉంది. అతను రీకాల్ పిటిషన్‌తో వచ్చాడు. వరండా చివర, కిటికీ పక్కన, అతని వకీలు ఆమె దగ్గరకొచ్చి, "పది వేలు తెచ్చాడమ్మా, ఇది తీసుకో, మిగతాది వచ్చే వాయిదాకి" అన్నాడు. ఆమె, "ఫీజు జూన్‌లో కట్టాల్సిందండీ" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. అతను చొక్కా లోపలి జేబులోంచి నోట్లు తీసి వకీలు చేతిలో పెట్టాడు. కూతురి వైపు చూడలేదు. పిల్ల మాత్రం అతన్నే చూస్తోంది. పిలుపు వచ్చింది. బెంచి గుమస్తా, "ముట్టినట్టు సంతకం పెట్టమ్మా" అని మెమో ముందుకు జరిపాడు. వారంటు రద్దయింది, కేసు మరో రెండు నెలలకు పడింది. లోపల గడిచింది నాలుగైదు నిమిషాలు. ఆ తల్లి బట్టల కొట్లో రోజు జీతం పోగొట్టుకుంది, పిల్ల బడి పోగొట్టుకుంది.

ఆ పది వేల లెక్క విప్పి చూడాలి. ఉత్తర్వు నెలకు 5,000 అనుకుందాం. పన్నెండు నెలలు కట్టకపోతే బకాయి 60,000. రెండు నెలలకొక వాయిదా, వాయిదాకు పది వేలు. ఈ రెండు నెలల్లో కొత్తగా పడ్డ బకాయి కూడా సరిగ్గా పది వేలే. అంటే అతను ఎన్నేళ్లు ఇలా వచ్చినా ఆ 60,000 చెక్కుచెదరదు. ఫైలులో మాత్రం 'పాక్షిక చెల్లింపు జరిగింది' అన్న వాక్యం ప్రతిసారీ చేరుతుంది, చూసేవారికి అతను కడుతున్నవాడిలాగే కనిపిస్తాడు. న్యాయమూర్తికి దురుద్దేశం అక్కర్లేదు, వకీలు మోసం చేయనక్కర్లేదు. వాయిదాల నడక అలా ఉంటే ఫలితం అంతే. వరండాలో నేను చూసిన చెల్లింపుల్లో ఎక్కువ భాగం ఈ అచ్చులోనే పడ్డాయి.

జైలు సంగతికొద్దాం. కట్టకపోతే ఒకసారికి ఒక నెల వరకే శిక్ష అని షహదా ఖాతూన్ కేసు (1999) ఖాయం చేసింది. శిక్ష అనుభవించినంత మాత్రాన బాకీ తీరదని కుల్‌దీప్ కౌర్ కేసు (1989) అంతకు ముందే తేల్చింది. రెండూ తెలిసిన తండ్రి జైలును ఆఖరి మెట్టుగా చూస్తాడు. ఆ మెట్టు దాకా వెళ్లకుండా ఆపడానికి ఎంత కావాలో అంతే జేబులో పెట్టుకొస్తాడు. భయం పని చేస్తోందన్న మాట నిజమే, కానీ అది పిల్ల అవసరానికి తగ్గట్టు కాక వారంటు రద్దుకు తగ్గట్టు పని చేస్తోంది. జైలు పేరెత్తగానే బకాయి మొత్తం ఒకేసారి కట్టినవాళ్లూ ఉన్నారు, కానీ నేను చూసినవాళ్లలో ఎక్కువమంది అలా కాదు.

ఈ వసూలు కష్టాన్ని సుప్రీంకోర్టు గమనించలేదనలేం. రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పు (2020 నవంబరు 4) ఆస్తిపాస్తుల అఫిడవిట్లు తప్పనిసరి చేసింది, దరఖాస్తు తేదీ నుంచే మనోవర్తి అంది, సివిల్ డిక్రీలా అమలు చేసుకోవచ్చంది. ఆ కేసులోనే 2013లో అడిగిన మధ్యంతర మనోవర్తి వివాదం 2020 దాకా సాగింది. డిక్రీ దారిలో సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ ప్రకారం జీతంలో మూడో వంతు మినహా మిగతాది జప్తు చేయవచ్చు. ఛేంబర్స్ కోరిన జీతం కోతకు మన దగ్గర దగ్గరగా ఉన్నది ఇదే. అయితే వరండాలో నాకు కనిపించిన తండ్రుల్లో మేస్త్రీలు, డ్రైవర్లు, కొట్లలో గుమస్తాలే ఎక్కువ. జీతం చీటీ లేని మనిషి జీతం ఎవరు జప్తు చేస్తారు?

ఒక కోర్టు వరండాను చూసి దేశమంతటికీ తీర్పు చెప్పకూడదని తెలుసు. అయినా 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488వ సెక్షన్ నుంచి నేటి బీఎన్ఎస్ఎస్ 144 దాకా మన మనోవర్తి చట్టం ఒకే నమ్మకం మీద నడుస్తోందని నా అభిప్రాయం: బాకీ గుర్తుచేసే పని తల్లిది, కోర్టుది వినే పని. 500 రూపాయల గరిష్ఠ పరిమితిని 2001లో ఎత్తేశాం, సెక్షన్ అంకె మార్చాం, ఆ నమ్మకాన్ని ముట్టుకోలేదు. అందుకే నేను చూసిన కుటుంబ న్యాయస్థానం పిల్లల హక్కును నెలసరి హక్కుగా కాక వాయిదాసరి హక్కుగా మార్చేసింది.

కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లోని 21వ సెక్షన్ హైకోర్టులకు నియమాలు చేసే అధికారం ఇస్తోంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ హైకోర్టులు ఆ అధికారాన్ని రెండు పనులకు వాడాలి. పిల్లల మనోవర్తి కోర్టు ఖాతా ద్వారానే జమ కావాలి, జమ కాని నెలను ఆ ఖాతా చూసే గుమస్తాయే జడ్జి ముందు పెట్టాలి. వారంటు రద్దు కావాలంటే కొత్త బకాయితో పాటు పాత బకాయిలో కనీసం నాలుగో వంతు కట్టి తీరాలి. అప్పుడు తల్లి పనికి పోతుంది, పిల్ల బడికి పోతుంది, వాయిదాకు రావలసినవాడు ఒక్కడే వస్తాడు.