కల్లు పొంగు, దేగిసా వేడి

ఇంట్లో రొట్టె కాల్చాలంటే మూడు కావాలి: గోధుమపిండి, ఆ పిండిని పొంగించే పదార్థం, నాలుగు వైపుల నుంచీ సమంగా వేడి తగిలేలా మూసి ఉంచే పొయ్యి. పందొమ్మిదో శతాబ్దంలో ఉద్యోగాల మీద మద్రాసు రాజధానికి వచ్చిన ఇంగ్లీషు కుటుంబాలకు తమ దేశంలో ఈ మూడింటి గురించి ఆలోచించే అవసరం అంతగా ఉండేది కాదు. పిండి మరలో దొరికేది. పొంగించడానికి బీరు కాచే చోట పైన తేలే నురుగు తెచ్చుకునేవారు. ఇంట్లో ఓవెన్ లేనివారు ముద్ద చేసి ఊరి బేకరీలో కాల్పించుకునేవారు. గుంటూరులోనో ధవళేశ్వరంలోనో బంగళాలో దిగాక ఈ మూడింటిలో ఒక్కటీ కనిపించదు. అప్పుడు వాళ్ల వంటింటిని ఆదుకున్నవి ఈ నేల మీద ఎప్పటినుంచో ఉన్న తిరగలి, కల్లు లొట్టి, దేగిసా.

ఈ ఇబ్బంది ఇంగ్లీషువారికంటే ముందు పోర్చుగీసువారికి ఎదురైంది. వాస్కో డ గామా 1498లో కాలికట్ తీరానికి చేరాడు. 1510లో గోవా పోర్చుగీసుల చేతికి వచ్చింది. వారికి రొట్టె తిండి మాత్రమే కాదు, చర్చి ఆరాధనకూ గోధుమ రొట్టె కావాలి. తినే రొట్టెను పొంగించడానికి కొబ్బరికల్లు పనికొస్తుందని గోవాలో పట్టుకున్నారు. రొట్టెకు పోర్చుగీసు మాట ‘పాఁవ్’. అదే పశ్చిమ తీరం వెంట ‘పావ్’గా స్థిరపడింది. కల్లుతో పిండి పొంగించే పద్ధతి తర్వాత మద్రాసు రాజధానిలోని యూరోపియన్ వంటిళ్లలోనూ మామూలైంది.

కంటోన్మెంట్లలో ఉన్నవారికి కొంత నయం. 1806లో ఏర్పడి నిజాం సికందర్ జా పేరు పెట్టుకున్న సికిందరాబాదు వంటి చోట గోరా సిపాయికి రోజుకు ఒక పౌను రొట్టె రేషనుగా రావాలి. అంత రొట్టె కాల్చాలంటే పెద్ద బట్టీలూ, వాటి మీద బతికే రొట్టెలవాళ్లూ ఉండి తీరాలి. కష్టమంతా వాటికి దూరంగా ఉన్నవారిది. అమెరికన్ లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు చేరాడు. 1847 నుంచి 1852 దాకా గోదావరి ఆనకట్ట కట్టిన ఆర్థర్ కాటన్ బృందం ధవళేశ్వరంలో మకాం వేసింది. కలెక్టర్లు, ఇంజనీర్లు, మిషనరీలు నివసించిన ఇలాంటి ఊళ్లలో రొట్టె కావాలంటే బంగళా వెనక ఉన్న వంటింట్లోనే తయారు కావాలి.

మొదటి చిక్కు పిండితో. గోదావరి, కృష్ణా తీరాల్లో పండేది వరి. గోధుమ బయటినుంచి రావలసిందే. వచ్చినా, ఇనుప రోలర్ల మరలు వ్యాపించక ముందు తిరగలిలో విసిరిన పిండిలో తవుడు కలిసి ఉండేది. ఆ పిండితో రొట్టె గట్టిగా, బరువుగా దిగుతుంది. దీనికి ఈ దేశపు చేతులే ఒక ఉపాయం కనిపెట్టాయి. హెన్రీ యూల్, మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన ఆర్థర్ బర్నెల్ కలిసి కూర్చిన ‘హాబ్సన్ జాబ్సన్’ అనే పదకోశం 1886లో వెలువడింది. భారతదేశంలో యూరోపియన్ల బల్ల మీదికి వచ్చే రొట్టెను సుజీతో చేస్తారనీ, తిరగలి రాళ్లు రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఆనకుండా ఉంచి విసిరితే సుజీ వస్తుందనీ అందులో ఉంది. రాళ్ల మధ్య ఆ సన్నని సందు వల్ల గింజ నడిమి గట్టి భాగం నలిగిపోకుండా రవ్వగా రాలుతుంది, పొట్టు పెద్ద పెచ్చులుగా విడిపోతుంది. తర్వాత జల్లెడతో, చేటతో పొట్టును తీసేయడం సులువు. ఇప్పుడు ఉప్మాకు వాడే బొంబాయి రవ్వ ఆ జాతిదే. రవ్వ నీటిని మెల్లగా పీల్చుకుంటుంది. అందుకే చాలాసేపు నానబెట్టి, బాగా మర్దించాకనే ముద్దకు సాగుడు గుణం వచ్చేది. ఇంత చాకిరీ ఎక్కువగా వంటవాడి భుజాల మీదే పడేది.

ఇక పొంగు. బీరు కాచే చోటే లేని ఊళ్లో బీరు నురుగు ఎక్కడినుంచి వస్తుంది? ఆ లోటు కల్లు తీర్చింది. చెట్టునుంచి కారే తియ్యటి నీరు పులియడానికి ఎవరూ ఏమీ కలపనక్కర్లేదు. గీత గీసిన చోటునుంచి చుక్కచుక్కగా లొట్టిలో పడుతున్నప్పుడే పని మొదలవుతుంది. ముందు రోజు కల్లు తాలూకు మడ్డి లొట్టి లోపలి గోడకు అంటుకుని ఉంటుంది, అందులో దాగిన ఈస్టు కొత్త నీటిని పట్టుకుంటుంది. పాలకు తోడు పెట్టినట్టే. పులియకుండా తియ్యగా ఉండాలంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. రొట్టెకు కావలసింది మాత్రం సున్నం తగలని లొట్టిలోని కల్లు. చలికాలంలో ఎక్కువగా ఈతకల్లు, ఎండాకాలంలో తాటికల్లు అందేది. తెల్లవారుజామున మోకు వేసుకుని చెట్టెక్కి దిగిన గీతకారుడి లొట్టినుంచి కొంత బంగళా వంటింటికి చేరేది.

వంటవాడు ఆ కల్లును గుడ్డలో వడకట్టి, గోరువెచ్చని నీళ్లూ కొంత పిండీ కలిపి మూత పెట్టేవాడు. పైన బుడగలు లేచి ఆ జారుపిండి ఉబ్బితే కల్లులో బలం ఉన్నట్టు. అప్పుడే మిగతా పిండి, ఉప్పు చేర్చి మర్దించేవాడు. తెలుగు దేశపు ఎండల్లో ఇక్కడే అసలు పరీక్ష. చల్లటి ఇంగ్లండులో ముద్ద రాత్రంతా తాపీగా పొంగుతుంది. వైశాఖ మాసపు వేడిలో అదే ముద్ద కొద్ది గంటల్లో పొంగి, గమనించకపోతే పులిసి కూలిపోతుంది. పొద్దెక్కిన కల్లు వాడితే అందులో పుల్లటి వినిగర్ గుణం చేరి రొట్టెకూ పులుపు దిగుతుంది. పులియబెట్టేది ప్రాణమున్న సూక్ష్మజీవులని లూయీ పాస్టర్ 1857 నుంచి వరసగా రుజువు చేస్తూ వచ్చాడు. అంతకు ఎంతో ముందే గీతకారుడూ, వంటవాడూ వాసన చూసి, నురుగు చూసి ఆ జీవుల తీరును కనిపెట్టగలిగేవారు. ఆ జ్ఞానాన్ని తక్కువ చేసి చూడటం న్యాయం కాదు.

మూడోది పొయ్యి. ఆనాటి బంగళా వంటింట్లో ఉండేది కట్టెలతోనో బొగ్గుతోనో మండే మట్టి పొయ్యి. దాని వేడి కిందినుంచే వస్తుంది, పైనుంచి రాదు. ఇంగ్లండులో అబ్రహాం డార్బీ ఇసుక అచ్చుల్లో ఇనుప పాత్రలు పోతపోసే పద్ధతికి 1707లో పేటెంటు పొందాడు. మూత మీద నిప్పులు పోయడానికి వీలైన బరువైన పోత ఇనుప కుండలు ఆ దారిలోనే చవకై వలస దేశాలన్నిటికీ పాకాయి. అవి అందనిచోట రాగి దేగిసా ఉండనే ఉంది. అడుగున ఇసుక పరిచి, దాని మీద ఇటుక ముక్కలు పెట్టి, వాటిపై రొట్టె అచ్చును నిలిపేవారు. మూత బిగించి కింద కొన్ని నిప్పులు, మూత మీద అంతకంటే ఎక్కువ నిప్పులు పోసేవారు. కింద సెగ ఎక్కువైతే అడుగు మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. దేగిసాకు వేసిన కళాయి మీద కూడా కన్నేసి ఉంచాలి. తగరం 232 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గరే కరుగుతుంది, రొట్టెకు కావలసిన వేడి దానికి ఎంతో దూరంలో ఉండదు.

స్థిరంగా చాలా ఏళ్లు ఉండేవారు పెరట్లో ఇటుక, మట్టితో గుమ్మటం పొయ్యి కట్టించుకునేవారు. లోపల కట్టెలు మండించి, గోడలు వేడి పట్టాక నిప్పులూ బూడిదా ఊడ్చి, ముద్దలు పెట్టి నోరు మూసేవారు. వేడి చాలిందో లేదో తెలియడానికి థర్మామీటరు లేదు. పొయ్యి నేల మీద గుప్పెడు పిండి చల్లేవారు. అది వెంటనే నల్లబడితే వేడి ఎక్కువ, మెల్లగా గోధుమరంగు తిరిగితే సరిపోయినట్టు.

ఈ అవస్థలన్నిటినీ తీర్చడానికి పుస్తకాలూ వచ్చాయి. మద్రాసు అశ్వికదళంలో పనిచేసిన కెన్నీ హెర్బర్ట్ ‘వైవర్న్’ అన్న కలంపేరుతో రాసిన ‘కలినరీ జాటింగ్స్ ఫర్ మద్రాస్’ 1878లో వెలువడింది. ఇక్కడి వంటిళ్ల దుస్థితి మీద అందులో ఒక అధ్యాయమే ఉంది. గుడారాల్లో రొట్టె చేసుకోవడానికి అతను బేకింగ్ పౌడరును గట్టిగా సిఫారసు చేశాడు. అది ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ 1843లో తయారుచేసిన పొడి సంతతి. కల్లు కోసం గీతకారుడి దారి చూడకుండా, రాత్రి నానబెట్టకుండా అప్పటికప్పుడు రొట్టె పొంగించే వీలు దానితో కలిగింది. పంజాబులో కాపురమున్న ఫ్లోరా ఆనీ స్టీల్, గ్రేస్ గార్డినర్‌తో కలిసి 1888లో భారతదేశంలో ఇల్లు నడపడం మీద పెద్ద పుస్తకం తెచ్చింది. రెండు పుస్తకాలూ ఎంతో పనికొచ్చేవే. కానీ వాటిలో వంటవాడు దిద్దవలసినవాడుగా కనిపిస్తాడు, నేర్పగలవాడుగా చాలా అరుదుగా. దొరసాని ఆజ్ఞ పుస్తకమైంది, రొట్టె కాల్చిన చేతి పేరు ఎక్కడా మిగల్లేదు.

ఈలోగా కల్లుతో పనిలేని ఈస్టు కూడా వచ్చింది. అమెరికాలో ఫ్లైష్‌మన్ సోదరులు 1868లో ముద్ద ఈస్టు అమ్మకం మొదలుపెట్టారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సైన్యాల కోసం చల్లటి పెట్టె అక్కర్లేని ఎండు ఈస్టు వచ్చింది. మరోపక్క 1937లో సేలం జిల్లాతో మొదలైన మద్యనిషేధం 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలై, కోస్తా, రాయలసీమ జిల్లాల్లో కల్లు చట్టవిరుద్ధమైంది. రొట్టెలోంచి కల్లు తప్పుకోవడానికి ఈ రెండూ చాలాయి. హైదరాబాదులో రొట్టె ‘డబల్ రొట్టె’ అయి, నేతిలో వేగి, పాకంలో నాని డబల్ కా మీఠాగా పెళ్లి విందుల్లో స్థిరపడింది. గోవా సన్నాలలోనూ, కేరళ కల్లప్పంలోనూ కల్లు పొంగు నేటికీ ఉంది. తెలుగు జిల్లాల్లో మాత్రం అది లొట్టినుంచి ముంతలోకి, ముంతనుంచి గొంతులోకి పోవడమే తప్ప పిండిలోకి రావడం లేదు.