కడెం నది లోయ

కడెం నది లోయ తెలంగాణ ఉత్తర భాగమున ఆదిలాబాదు, నిర్మల్ జిల్లాలలో గల అటవీ లోయ. గోదావరికి ఉపనదియైన కడెం బోథ్ ప్రాంతపు కొండలలో పుట్టి, కుంతాల వద్ద సుమారు 45 మీటర్ల ఎత్తునుండి జలపాతమై దూకి, అడవుల గుండా ఆగ్నేయంగా సాగి కడెం జలాశయాన్ని చేరుతుంది. లోయలో కొంత భాగం కవ్వాల్ అభయారణ్యంలోనిది. 1965లో ఏర్పడిన ఈ అభయారణ్యం 2012లో పులుల సంరక్షణ కేంద్రమైనది.

మెట్‌పల్లి (జగిత్యాల జిల్లా, 2016 వరకు కరీంనగర్ జిల్లా) నుండి వచ్చేవారు మల్లాపూర్ మీదుగా బాదనకుర్తి వద్ద గోదావరి దాటి, ఖానాపూర్ చేరి, అక్కడినుండి తూర్పుగా కడెం వెళ్ళవచ్చును.

వసంతకాలం

వసంతమనగానే పచ్చదనాన్ని ఊహించుకొని వచ్చినవారికి ఈ లోయ ఆశ్చర్యం కలిగిస్తుంది. ఇక్కడి అడవిలో ప్రధానమైనది టేకు. ఫాల్గుణ, చైత్ర మాసాలలో అది ఆకులన్నీ రాల్చి మోడుగా నిలుస్తుంది. ఆ బూడిదరంగు కొమ్మల నడుమ మోదుగ ఒక్క ఆకైనా లేకుండా ఎర్రగా పూస్తుంది. హోలీ రంగునకు ఈ ప్రాంతంవారు వాడేది ఈ పూలనే. ఇప్పపూలు తెల్లవారుజామున రాలుతాయి. గోండులు, కోలాములు గంపలతో వచ్చి వాటిని ఏరుకొంటారు. ఏరుటకు వీలుగా చెట్టు క్రింది ఎండుటాకులను తగులబెట్టే అలవాటు కూడా ఉన్నది. అడవిలో కార్చిచ్చు రేగుటకు ఇదొక కారణం.

నీడ మాత్రం నది వెంబడే దొరుకుతుంది. ఒడ్డున ఏరుమద్ది, నేరేడు ఆకు నిలుపుకొంటాయి. కానుగ ఉగాది నాటికి లేతాకు తొడుగుతుంది. ప్రవాహం సన్నగిల్లి అక్కడక్కడ మడుగులుగా మిగులుతుంది. ఇసుకలో చెలిమ తవ్వితే నీరూరుతుంది. వానాకాలంలో ఈ నదిని చూసినవారు ఇది అదేనంటే నమ్మరు. 1958 వరదలో నిర్మాణ దశలోని కడెం ఆనకట్ట దెబ్బతిన్నది. 2022 జూలైలో 5 లక్షల క్యూసెక్కులకు పైబడిన వరద 18 గేట్ల ఆనకట్టను ప్రమాదపుటంచుకు తెచ్చింది.

నడక, ఆరోగ్యం

అడవిలో తీరికగా నడచుటను జపాను అటవీశాఖ 1982లో ‘షిన్‌రిన్-యోకు’ (అటవీ స్నానం) పేరుతో ప్రచారం చేసింది. ఆ దేశంలోని 24 అడవులలో జరిపి 2010లో ప్రచురించిన పరిశీలనలలో, నగరంలో నడచినవారికంటే అడవిలో నడచినవారికి నాడి వేగం, రక్తపోటు, ఒత్తిడికి సంబంధించిన కార్టిసాల్ తక్కువగా కనిపించాయి. అయితే ఆ ఫలితాలను ఈ లోయకు యథాతథంగా అన్వయించరాదు. ఏప్రిల్‌లో ఇక్కడ వేడి 40 డిగ్రీలు దాటుతుంది; ఎండెక్కిన తరువాతి నడక సేదదీర్చదు సరికదా, వడదెబ్బ తగిలే ప్రమాదముంది. మరీ చీకటితో బయలుదేరుటయు మంచిది కాదు. ఇప్పపూలకు మనుషులకంటే ముందు ఎలుగుబంటి వస్తుంది. సూర్యోదయమైన కొంతసేపటి నుండి పది గంటలలోపు అనుకూలమైన వేళ.

మనిషికి హాయినిచ్చే ఆ నీడ, ఆ మడుగులే వేసవిలో దుప్పులకు, కణుజులకు, మనుబోతులకు ఆధారం. ఒడ్డున జనం కూర్చుంటే జంతువు దాహంతోనే వెనుదిరుగుతుంది. అటవీశాఖవారు తొట్లు కట్టించి, ట్యాంకర్లతో నీరు నింపిస్తుంటారు గాని అవి మడుగులకు సాటిరావు.

ప్రవేశం

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో ప్రవేశానికి అటవీశాఖ అనుమతి తప్పనిసరి. సందర్శకులు జన్నారంలోని అటవీశాఖ కార్యాలయంలో విచారించవచ్చును. అభయారణ్యం లోపలనున్న మైసంపేట, రాంపూర్ గ్రామాలవారిని 2024లో కడెం మండలంలోని మద్దిపడగ సమీపానికి తరలించారు.