నాలుగు గొంతుల గేమ్ బాయ్

తొంభైల చివరి రోజులు. జర్మనీలోని కొలోన్ నగరం. లిక్విడ్ స్కై అనే క్లబ్బులో ఒక పోటీ. ఖరీదైన సామగ్రి జోలికి పోకుండా, చవక పరికరాలతోనే సంగీతం పుట్టించేవాళ్ల పోటీ అది. హాంబర్గ్ లలితకళల కళాశాల విద్యార్థి ఆలివర్ విట్చో ముందుకొచ్చాడు. చేతిలో ఉన్నది గిటారు కాదు, కీబోర్డూ కాదు. పిల్లలు ఆడుకునే నింటెండో గేమ్ బాయ్!

మీట నొక్కితే పచ్చటి తెర మీద ఆట రాలేదు. వరుసకు నాలుగు చొప్పున పదహారు గళ్లు వచ్చాయి. ఏ గడిలో ఏ స్వరం పలకాలో, ఎంత గట్టిగా పలకాలో ఆ చిన్న మీటలతోనే చెప్పాలి. పదహారో గడి దాటగానే మళ్లీ మొదటి గడి. అలా తిరుగుతూ తిరుగుతూ ఒక పాట తయారవుతుంది. ఆ ప్రోగ్రాం పేరు నానోలూప్. 1998లో విట్చో రాసుకున్నదే.

రాయడం అంత సులువేం కాదు. గేమ్ బాయ్‌కి ప్రోగ్రాములు రాసే సరంజామాను నింటెండో తనతో ఒప్పందం ఉన్న కంపెనీలకే ఇచ్చేది. కళాశాల కుర్రాడికి ఎవరిస్తారు? అప్పటికే ఔత్సాహికులు కొందరు ఆ యంత్రం గుట్టుమట్లు తామే తవ్వి తీసి పంచుకుంటున్నారు. దారి అటునుంచే దొరికింది.

ఇంతకీ ఆ డబ్బాలో ఏముంది? 4.19 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 8 కిలోబైట్ల పని మెమరీ, నాలుగు పెన్సిల్ బ్యాటరీలు. శబ్దానికి నాలుగే నాలుగు గొంతులు. మొదటి రెండూ చతురస్రపు అలలు పలుకుతాయి. అల ఎంతసేపు పైన ఉండాలో మార్చితే గొంతు సన్నబడుతుంది, లేదా నిండుగా మోగుతుంది. మూడోది మనం గీసిన అలను పలుకుతుంది. అయితే గీయడానికి ఇచ్చినవి 32 బిందువులు, ఒక్కో బిందువుకు 16 ఎత్తులు, అంతే. నాలుగోది వట్టి గరగర. దాన్ని చిన్నచిన్న ముక్కలుగా కోస్తే తాళం, డప్పు.

మూడు స్వరాలు కలిపి ఒకేసారి మోగించాలంటే మిగతా పాటకు గొంతులు చాలవు. అందుకని ఒకే గొంతు చేత ఆ మూడింటినీ రెప్పపాటులో వంతులవారీగా పలికిస్తారు. చెవికి కలిసి మోగినట్టే ఉంటుంది. హరిదాసు ఒక్కడే రాముడిగా, రావణుడిగా, హనుమంతుడిగా గొంతు మార్చి కథ నడిపినట్టు ఒక్క గొంతే ఇన్ని వేషాలు వేస్తుంది. గేమ్ బాయ్ సంగీతానికి ఉన్న ఆ గలగలా పారే వేగం ఈ లేమిలోంచి పుట్టిందే. నాకు ఈ సంగీతం మీద ఉన్న ప్రేమంతా ఇక్కడే ఉంది.

ఆ గొంతుల వెనక ఉన్న మనిషిని తలచుకోకపోతే అన్యాయం. హిరోకాజు తనాకా 1980లో నింటెండోలో చేరాడు. ఇంజనీరు, సంగీతకారుడు, రెగె సంగీతమంటే పిచ్చి. గేమ్ బాయ్ శబ్దవ్యవస్థ రూపకల్పనలో అతని చెయ్యి ఉంది. 1989లో ఆ యంత్రం మీద లోకమంతా ఆడిన టెట్రిస్ సంగీతమూ అతని పనే. పాట కట్టేవాడే వాద్యాన్నీ తయారు చేశాడన్నమాట. ఆటకు సరిపడా ఇచ్చిన నాలుగు గొంతులు కచేరీకీ సరిపోవడం వట్టి కాకతాళీయమని నేననుకోను.

విట్చో వెలిగించిన దీపం స్వీడన్ చేరింది. అక్కడ యోహాన్ కోట్లిన్‌స్కీ, లిటిల్ సౌండ్ డీజే అనే మరో ప్రోగ్రాం రాశాడు. నానోలూప్‌లో గళ్లు ఉంటే ఇందులో అంకెల నిలువు వరుసలు. పాటంతా మొదటి నుంచి చివరిదాకా అందులోనే రాసుకోవచ్చు. ఈ రెండూ చేతికొచ్చాక పాత గేమ్ బాయ్‌ల మూడు రెక్కల స్క్రూలు విప్పేవాళ్లు బయల్దేరారు. యంత్రంలోని ఆంప్లిఫయరు రొద కలుపుతుంది గనుక, అంతకు ముందే వాల్యూమ్ కంట్రోల్ దగ్గర సన్నటి వైరు సోల్డర్ చేసి, శుద్ధమైన శబ్దాన్ని కొత్త సాకెట్ ద్వారా బయటికి తెచ్చారు. 2006లో న్యూయార్క్‌లో బ్లిప్ ఫెస్టివల్ మొదలైంది. ఆటబొమ్మల సంగీతానికి టికెట్టు కొని జనం వచ్చారు.

తనాకా ఊరుకుంటాడా? చిప్ తనాకా అని పేరు పెట్టుకుని తానూ వేదికెక్కాడు. ఆ పేరుతోనే 2017లో ఆల్బమ్ విడుదల చేశాడు.

మన ఇళ్లలో గేమ్ బాయ్‌లు అరుదే. కానీ తొంభైల్లో టీవీకి తగిలించి మారియో ఆడిన చవక వీడియో గేములు చాలావరకు నింటెండో టీవీ యంత్రానికి నకళ్లు. వాటిలోనైతే ఐదు గొంతులున్నాయి. మీ అటక మీద అలాంటిదేదైనా ఉంటే దయచేసి పాత సామాన్లవాడికి తూకానికి వేయకండి. బ్యాటరీలుంటే ముందు తీసేయండి, కారి లోపలి రేకులను తినేస్తాయి. తర్వాత దుమ్ము తుడిచి, ఇంట్లో సంగీతం మీద మనసున్న పిల్లలుంటే వాళ్ల చేతిలో పెట్టండి.