చిన్న గేరుపెట్టె – పెద్ద ఇంజను

మదరాసులో 1961 నుండి తయారైన స్టాండర్డ్ హెరాల్డు కారు ఒకప్పుడు మన పట్టణములలో తరచు కనిపించెడిది. దీనికి ఇంగ్లండులో ఒక దగ్గరి చుట్టమున్నది. అది 1962లో వెలువడిన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అను స్పోర్ట్సు కారు. దాని యంత్రభాగములు అనేకము హెరాల్డు నుండి గ్రహించినవే. గేరుపెట్టెయు అందులో ఒకటి. హెరాల్డులో ఓపికగా పనిచేసిన ఆ పెట్టె, తరువాతి వేగవంతమైన కార్లలో మాటిమాటికి ఏల చెడిపోయెను? దానిని బలపరచుట ఎట్లు?

కారులో పళ్లచక్రములను జరిపి వేగము మార్చు పద్ధతిని 1891లో ఫ్రాన్సు దేశీయుడు ఎమిల్ లెవస్సోర్ వాడుకలోనికి తెచ్చెను. గేరు మార్చునపుడు పళ్లు గరగరలాడకుండ చేయు సింక్రోమెష్ ఏర్పాటు 1928లో అమెరికా దేశపు కాడిలాక్ కార్లలో వచ్చెను. మన కథలోని గేరుపెట్టె 1953 నాటి స్టాండర్డ్ ఎయిట్ అను చిన్న కారు వంశమునకు చెందినది. ఆ కారు ఇంజను 803 ఘన సెంటీమీటర్లు; శక్తి 26 అశ్వశక్తులు మాత్రమే. హెరాల్డులో అది 948 ఘన సెంటీమీటర్లకు పెరిగెను. తొలి స్పిట్‌ఫైర్‌లో 63 అశ్వశక్తులు, 1966లో వచ్చిన జి.టి.6 కారులో 95 అశ్వశక్తులు. మొదటి గేరుకు సింక్రోమెష్ చేర్చుట వంటి సవరణలు జరిగినవి కాని, పెట్టె మూలరూపము మారలేదు. మదరాసు హెరాల్డు 948 ఘన సెంటీమీటర్ల ఇంజనుతోనే నడచెను గనుక దాని గేరుపెట్టెకు ఈ భారము తగులలేదు.

పళ్లచక్రపు పన్ను గోడలో ఒక కొన పాతిన దూలము వంటిది. దాని మొనపై బరువు పడిన, మొదలు వంగజూచును. ఈ పోలికనుబట్టియే 1892లో విల్‌ఫ్రెడ్ లూయిస్ పంటి బలమును లెక్కించు సూత్రము నిచ్చెను. బొల్లాపల్లి డొంకలో బురదలో దిగబడిన పత్తి ట్రాలీని మొదటి గేరులో లాగు ట్రాక్టరును తలచుకొనుడు. చక్రము నెమ్మదిగా తిరుగును; పంటిపై పడు బలము మిక్కుటమగును.

అయితే చాల పళ్లు ఒక్క దెబ్బకు విరుగవు. ఒక్కమారు తగిలిన ఏమియు చేయజాలని బరువే లక్షలమారులు తగిలిన లోహమును చీల్చునని, రైలు ఇరుసులపై పరీక్షలు జరిపి 19వ శతాబ్దిలో జర్మను ఇంజనీరు ఆగస్ట్ వోలర్ చూపెను. దీనినే లోహపు అలసట అందురు. నిమిషమునకు 3,000 మారులు తిరుగు చక్రములో ఒక్కొక్క పన్ను గంటకు 1,80,000 దెబ్బలు తినును!

ఈ పెట్టెలో మరొక బలహీన స్థానము లే షాఫ్టు. నేరుగా నడచు నాలుగవ గేరు తప్ప, ముందుకు పోవు తక్కిన గేర్లన్నిటిలో బలము దానిమీదుగానే పోవును. దానిపై తిరుగు నీడిల్ బేరింగులు, అనగా సూదులవంటి సన్నని రోలర్లు, షాఫ్టు పైపొరను అరగదీయును. పొర పెచ్చులూడిన, ఆ రజను నూనెలో కలిసి తక్కిన భాగములను తినివేయును. అప్పుడు విరిగిన చక్రమును మాత్రము మార్చిన ప్రయోజనమేమి? కొత్త చక్రమునకును పాత గతియే పట్టును.

బలపరచు ఉపాయములు మూడు. మొదటిది ఉక్కుకు సంబంధించినది. తక్కువ కార్బను గల ఉక్కును సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కార్బను వాయువుల నడుమ ఉంచి చల్లార్చిన, పైపొర గట్టిపడును; లోపలిది సాగుగుణముతో నిలుచును. పంటి మొదలును సన్నని ఉక్కు గుండ్లతో కొట్టిన, ఆ పొర ఒత్తిడికి లోనై పగులు తెరచుకొనుట కష్టమగును.

రెండవది షాఫ్టు లావు. వ్యాసము 10 శాతము పెంచిన, వంగకుండ నిలుచు గుణము వ్యాసపు నాల్గవ ఘాతము చొప్పున, అనగా 46 శాతము పెరుగును. షాఫ్టు వంగనిచో పళ్లు అంచులతో గాక నిండు వెడల్పుతో కలియును.

మూడవది పంటి రూపము. ఏటవాలు పళ్లు నిశ్శబ్దముగా నడచును కాని, షాఫ్టును పక్కకు నెట్టును. పందెపు కార్లలో వాడు నిలువు పళ్లకు ఆ దోషము లేదు. అయితే మోత హెచ్చు.

ఇన్ని చేసినను ఒక హద్దున్నది: పాత పెట్టెలో పెద్ద చక్రములు పట్టవు. కనుకనే 1974లో వచ్చిన స్పిట్‌ఫైర్ 1500 కారుకు తయారీదారులు మోరిస్ మరీనా జాతికి చెందిన వేరొక గేరుపెట్టెను అమర్చిరి. నేడు పాత కార్లను నిలుపుకొను అభిమానులు కొందరు ఫోర్డు వారి ఐదు గేర్ల పెట్టెను బిగించుచున్నారు.

విరిగిన పన్ను దొరికినచో విద్యార్థులు దాని ముఖమును పరీక్షింపవలెను. కొంతమేర నునుపుగా, అలల గీతలతో ఉండి, తక్కిన భాగము గరుకుగా ఉన్నచో, పగులు ఎన్నడో ప్రారంభమై మెల్లగా పాకినదని అర్థము. అంతయు గరుకుగానే ఉన్నచో ఒక్క పెనుదెబ్బకు విరిగినదని ఊహింపవచ్చును. మొదటి దానికి ఉక్కును, షాఫ్టును, బేరింగులను సరిచూడవలెను. రెండవ దానికి నడుపువాని చేతిని, మోపిన బరువును విచారింపవలెను.