పాకే కాండం: ఒక లక్షణ వాక్యానికి కొల్లేటి వ్యాఖ్య

లక్షణం: కణుపుల దగ్గర వేళ్లూనుతూ, నేల మీదనో నీటి మీదనో అడ్డంగా పాకే కాండంతో పిల్లమొక్కలు పెట్టేది రన్నర్ మొక్క.

కాండం: నిటారుగా నిలబడేదే కాండం కానక్కర్లేదు. తాడేపల్లిగూడెం మార్కెట్లో బస్తాల్లో దిగే ఉల్లిపాయను నిలువునా కోస్తే, అడుగున వేళ్లు అంటుకున్న పలచని బిళ్ల ఒకటి కనిపిస్తుంది. ఉల్లికి అదే కాండం.

అడ్డంగా పాకే: పూర్తిగా మట్టిలోనూ ఉండదు, పూర్తిగా గాలిలోనూ ఉండదు. అందుకే పాఠ్యపుస్తకాలు దీన్ని ఉపవాయుగత కాండం అంటాయి. చేలగట్ల మీది గరిక, తడినేల మీది సరస్వతాకు ఈ కోవవే. అరటి పిలక ఈ కోవలోకి రాదు. అది నేలలోని దుంప నుంచి లేస్తుంది.

కణుపుల దగ్గర వేళ్లూనుతూ: లక్షణమంతటికీ ఆయువుపట్టు ఇదే. గట్టు మీద గరికను పారతో చెక్కి, ఆ ముక్కలు అక్కడే వదిలేస్తే, తడి తగిలిన ప్రతి కణుపూ ఒక మొక్క. చెక్కినవాడే నాటినవాడవుతాడు. కొల్లేటి తూటికూరదీ అదే తీరు: బోలు కాడ నీటి మీద తేలుతుంది, కణుపు కణుపుకీ వేళ్లు దిగుతాయి.

నీటి మీదనో: అంతరతామర, గుర్రపుడెక్క. వీటి పాకే కొమ్మను ఆఫ్‌సెట్ అంటారు: ఒకే కణుపు మధ్యమం, చివర ఆకుల గుత్తి. పుస్తకం దాన్ని పొట్టిది అంటుంది గానీ, గుర్రపుడెక్కకు జానెడు దాటినవీ ఉంటాయి. ఉబ్బిన ఆకుకాడను విరిస్తే లోపలంతా గాలి గదులే. ఊదారంగు పువ్వులో పై రేకు మీద పసుపు మచ్చ. దక్షిణ అమెరికా నుంచి అందం కోసం తెచ్చుకున్న మొక్క మరి!

పిల్లమొక్కలు పెట్టేది: పిల్లకు వేళ్లు రాగానే తల్లితో పనిలేదు. కొమ్మ తెగితే గాలివాటున పోయి మరోచోట కాపురం పెడుతుంది. అనుకూలిస్తే రెండు మూడు వారాల్లో గుంపు రెట్టింపు. కొల్లేటికి ముప్పు ఇక్కడే: బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు నీళ్లన్నీ ఈ సరస్సులో కలుస్తాయి. సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. ఆ ఒక్క దారికి డెక్క అడ్డుపడితే నీళ్లు వెనక్కి తంతాయి. తీసిన డెక్కను ఒడ్డునే కుప్ప పెట్టడం సగం పని; వరదనీరు కుప్పనందుకుంటే పచ్చిగా ఉన్న కొమ్మలు మళ్లీ తేలతాయి. దూరంగా ఎండబెట్టాలి, లేదా కంపోస్టు వేయాలి.

విత్తనంతో వ్యాపించడం ఈ లక్షణంలో చేరదు. గుర్రపుడెక్కకు అదీ ఉంది: అడుగు బురదలో విత్తనం ఏళ్ల తరబడి మొలకెత్తే శక్తితో ఉంటుంది.