మండలం దాటని బడి పేరు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల ఉన్నత పాఠశాలల క్రీడాచరిత్రను పరిశీలించే వారికి మొదటి చిక్కు జట్టు అన్న మాట దగ్గరే ఎదురవుతుంది. కబడ్డీకో ఖోఖోకో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల తయారుచేసుకున్న జట్టు, అధికారిక పోటీల్లో ఆ పాఠశాల పేరుతో ఆడేది సాధారణంగా మండల స్థాయి వరకే. అక్కడ గెలిచినా ఓడినా, ఎంపిక బాధ్యత చూసే వ్యాయామ ఉపాధ్యాయులు అన్ని బడుల నుంచి మెరికల్లాంటి పిల్లలను ఏరి మండల జట్టును కూర్చుతారు, మండల జట్ల నుంచి జిల్లా జట్టు, జిల్లా జట్ల నుంచి రాష్ట్ర జట్టు ఇదే తీరున ఏర్పడతాయి. కాబట్టి ఏడాదంతా కలిసి సాధన చేసిన పన్నెండు మంది పిల్లలు ఒకటి రెండు రోజుల్లోనే విడిపోతారు. వారిలో ఇద్దరో ముగ్గురో పై అంచెకు చేరితే, మిగిలినవారికి ఆ ఏటి అధికారిక ఆట అంతటితో ముగుస్తుంది. చిన్న బడుల విజయాలు చరిత్రకు ఎక్కకపోవడానికి ఆ విజయాలు లేకపోవడం కారణం కాదు, బడి పేరును మండలం దాటనివ్వని ఈ ఏర్పాటే ప్రధాన కారణం.

ఈ అంచెల విధానం వెనుక ఉన్న సంస్థ 1954లో ఏర్పడిన భారత పాఠశాల క్రీడల సమాఖ్య, అంటే బడి మైదానాల్లో అందరూ ఎస్‌జీఎఫ్ అని పిలిచే స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ ఆఫ్ ఇండియా. వయసును బట్టి అండర్-14, అండర్-17, అండర్-19 అని మూడు విభాగాలు చేసి, రాష్ట్రాల మధ్య జాతీయ పోటీలు నిర్వహించడం దీని పని. వీటిలో మొదటి రెండు విభాగాలు ఉన్నత పాఠశాలలకు, మూడవది ప్రధానంగా జూనియర్ కళాశాలలకు చెందుతాయి. అమెరికా ఉన్నత పాఠశాలల్లో శరత్కాలం ఫుట్‌బాల్‌కు, శీతకాలం బాస్కెట్‌బాల్‌కు, వసంతం బేస్‌బాల్‌కు కేటాయించి, ఇరుగుపొరుగు బడులు ఒకదానితో ఒకటి వారాల తరబడి ఆడి, గెలిచిన బడి తన పేరుతోనే రాష్ట్ర విజేతగా నిలిచే పద్ధతి ఉంది. మన దేశంలో అటువంటి అవకాశం ఉన్న పోటీలు కొద్ది. 1960లో మొదలైన సుబ్రతో కప్ ఫుట్‌బాల్ పోటీలో పాఠశాల జట్టు పాఠశాల జట్టుగానే ఢిల్లీ దాకా వెళ్లగలదు. ప్రతిభను వెదికి పైకి పంపడానికి ఎస్‌జీఎఫ్ విధానం మేలైనదే కావచ్చు, కానీ ఒక ఊరి బడికి తనదంటూ ఒక క్రీడా పరంపరను నిలబెట్టుకునే అవకాశాన్ని అది ఇవ్వలేదు, ఆ నష్టం చిన్నది కాదు.

నిజాం కాలంలో ఈ ప్రాంతంలో ఉన్నత పాఠశాలలే అరుదు. నేటి మూడు జిల్లాల్లో జనగామ ఆనాడు నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా. మానుకోట అని కూడా పిలిచే మహబూబాబాద్ వరంగల్ వైపుది. ఉర్దూ మాధ్యమంగా సాగిన ఆనాటి బడుల్లో ఆట కంటే ముందు వచ్చింది డ్రిల్లు, అంటే వరుసల్లో నిలబెట్టి ఆజ్ఞల ప్రకారం చేయించే కసరత్తు. కుస్తీ, దండలు, బైఠకీలు నేర్పే తాలీంఖానాలు బడికి బయట వేరుగా ఉండేవి. హైదరాబాద్ దోమలగూడలో 1931లో ప్రభుత్వ వ్యాయామ విద్యా కళాశాల ఏర్పడటంతో, ఆటల నియమాలు తెలిసి, మైదానం కొలిచి గీయగల ఉపాధ్యాయుడు అనే కొత్త ఉద్యోగి ఈ రాష్ట్రంలో తయారయ్యాడు. ఆ వృత్తి ఎంత ఎత్తుకు చేరగలదో చూపినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం: ఉస్మానియాలో చదివి, హైదరాబాద్ బడుల్లో పాఠాలు చెప్పి, వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది బడి ఆటల బాధ్యత చూసిన ఆ ఉపాధ్యాయుడే 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత ఫుట్‌బాల్ జట్టుకు శిక్షకుడిగా స్వర్ణాలు సాధించిపెట్టాడు.

మహబూబాబాద్ ప్రాంతానికి ఆటలు చేరే మరో దారి డోర్నకల్ నుంచి తెరుచుకుంది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా 1912లో డోర్నకల్ పీఠాన్ని చేపట్టిన వేదనాయగం శామ్యూల్ అజరయ్య, అంతకుముందు వైఎంసీఏ అనే క్రైస్తవ యువజన సంస్థలో కార్యదర్శిగా ఏళ్ల తరబడి పనిచేసినవాడు. బాస్కెట్‌బాల్‌ను 1891లో, వాలీబాల్‌ను 1895లో రూపొందించినవారు ఆ సంస్థ శిక్షకులే. భారతదేశంలో వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణకు మద్రాసులో 1920లో కళాశాల పెట్టిన హ్యారీ క్రో బక్ కూడా ఆ సంస్థవాడే. తెలంగాణ పల్లెల్లో నేడు సొంత ఆట అన్నంతగా కలిసిపోయిన వాలీబాల్ ఇంతటి దూరం నుంచి వచ్చిందన్న సంగతి గుర్తుంచుకోదగినది.

అయితే ఈ మూడు ప్రాంతాల బడి ఆటకు ప్రాణం పోసినవి కబడ్డీ, ఖోఖో అనే రెండు ఆటలు, వాటికి కారణాలు కూడా స్పష్టమే. బంతి, బ్యాటు, వల, బూట్లు ఏవీ అక్కరలేదు. జనగామ చుట్టుపక్కల చెల్క నేలలో రాళ్లు ఏరి, నీళ్లు చల్లి, సున్నంతో గీతలు గీస్తే ఆట సిద్ధం. చెడుగుడు అన్న పేరుతో ఊళ్లలో పూర్వం నుంచీ ఉన్న ఆటకు కొలతలు, కాలపరిమితి, పాయింట్లు చేర్చి కబడ్డీగా తీర్చిన ఘనత ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకాల మహారాష్ట్ర వ్యాయామ సంఘాలది. ఆ మహారాష్ట్రలోని అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక మండలి 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సందర్భంగా దాన్ని ప్రదర్శించింది, 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో అది పతకాల పోటీగా చేరింది. జట్టుకు ఏడుగురు బరిలో, అయిదుగురు బయట ఉంటారు. పురుషుల మైదానం 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. ఒకే ఊపిరితో కబడ్డీ అంటూ అవతలి వైపుకు వెళ్లడాన్ని కూతకు వెళ్లడం అంటారు. ఆ కూత తెగకుండా తాకి తిరిగి రావడమే పాయింటు. పేదరికం వల్ల పిల్లలు ఈ ఆట ఆడారని మాత్రమే చెప్పడం అన్యాయం, ఎందుకంటే ఊళ్లో పెద్దలు ఎరిగిన ఆట, పండుగ రోజున నలుగురూ చుట్టూ నిలబడి చూసే ఆట, బడిలో ఆడితే దానికి ఊరి గౌరవం కూడా తోడవుతుంది.

ఖోఖో సంగతి మరింత ఆలోచించదగినది. దాని నియమాలను మొదట క్రోడీకరించినది పుణెలోని డెక్కన్ జింఖానా, సుమారు 1914లో. మరాఠ్వాడా జిల్లాలు 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండటాన్ని బట్టి, తెలంగాణ బడులకు అది పొరుగింటి ఆటగా దగ్గరై ఉండవచ్చు. రెండు స్తంభాల మధ్య వరుసలో ఎనిమిది మంది ఒకరు ఒకవైపు, మరొకరు మరోవైపు ముఖం పెట్టి కూర్చుంటే, తొమ్మిదో ఆటగాడు ముగ్గురు ముగ్గురుగా బరిలోకి వచ్చే ఎదుటి జట్టువారిని తరుముతాడు. కూర్చున్నవారి వీపు తట్టి ఖో అని ఆ పనిని వారికి అప్పగిస్తాడు. శరీర బలం కంటే చురుకు, ఎదుటివారి అడుగును ముందే పసిగట్టే చూపు ఇందులో ముఖ్యం కావడంతో, బక్కపలుచని పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు ఇది గొప్ప ఆటగా నిలిచింది. బడి మానేసిన, బడికి దూరమైన బాలికల కోసం 2004లో కేంద్రం ప్రారంభించిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాల్లో, లంబాడా, కోయ కుటుంబాల పిల్లలు ఎక్కువగా చదివే ఆశ్రమ పాఠశాలల్లో, విద్యార్థులు అక్కడే నివసించడం వల్ల ఉదయం, సాయంత్రం సాధనకు వీలుంటుంది. ఊరి బడి పిల్లకు సాయంత్రం ఇంటిపని ఎదురుచూస్తుంది కాబట్టి ఈ తేడా ఫలితాల్లో కనిపించక మానదు.

సీజన్ అనేది ఇక్కడ క్రీడాసంఘాలు నిర్ణయించిన గడువు కాదు. వాన, పండుగ, పరీక్ష కలిసి నిర్ణయించినది. బడులు జూన్ నెల మధ్యలో తెరుచుకుంటాయి, స్వాతంత్ర్య దినోత్సవానికి జరిగే బడి పోటీల్లో జట్టు ఒక రూపుకు వస్తుంది, ధ్యాన్‌చంద్ పుట్టినరోజైన ఆగస్టు 29న క్రీడా దినోత్సవం జరుగుతుంది, మండల పోటీలు తరచుగా ఆ ముందు వెనుకల్లోనే వస్తాయి. అప్పటికి వానలు ముగియవు కాబట్టి బురద మైదానంలో పోటీ వాయిదా పడటం మామూలే. బతుకమ్మ, దసరా సెలవుల తర్వాత జిల్లా, రాష్ట్ర ఎంపికలు. చలికాలం వచ్చేసరికి పదో తరగతి పిల్లలకు ప్రత్యేక తరగతులు మొదలై ఆటల పీరియడు వాటిలో కలిసిపోతుంది. అండర్-17 జట్టుకు వెన్నెముకగా ఉండేది ఆ తరగతే. మార్చి పరీక్షలతో వారు బడి వదిలి వెళ్లాక వ్యాయామ ఉపాధ్యాయుడు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలతో జట్టును మళ్లీ మొదటి నుంచి కట్టుకు రావాలి. ఆ ఉపాధ్యాయుడు కూడా ప్రతి బడికీ ఉండడు: 2009 విద్యాహక్కు చట్టం ఆటస్థలం తప్పనిసరి అన్నా, ప్రాథమికోన్నత స్థాయిలో వందకు మించి పిల్లలున్న చోటే వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుణ్ణి నిర్దేశించింది. చిన్న బడి ఆటలో వెనుకబడటానికి బీజం ఇక్కడే ఉంది.

భూపాలపల్లి ఈ వరుసలో ఆలస్యంగా చేరింది. సింగరేణి సంస్థ అక్కడ కాకతీయ ఖని పేరుతో గనులు తెరిచాకే అది పట్టణంగా పెరిగింది; కార్మికులకు ఏటా పోటీలు నిర్వహించే బొగ్గు సంస్థ అలవాటు వల్ల, అడవి అంచున ఉన్న ఈ పట్టణంలో తండ్రులు ఆడుతుండగా పిల్లలు చూసే వాతావరణం ఏర్పడింది. జనగామకు, మహబూబాబాద్‌కు రైలు మార్గం ఉండటం వల్ల దూరపు పోటీలకు పోవడం సులువు. రైలు లేని భూపాలపల్లి పిల్లలకు బస్సే గతి.

ఒక చిన్న గ్రామీణ పాఠశాల ఎంత సాధించగలదో తెలుసుకోవడానికి పాత వరంగల్ జిల్లాలోనే, పర్వతగిరి మండలంలోని కల్లెడ ఉంది. అక్కడి రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ పాఠశాలలో చదివిన వర్ధినేని ప్రణీత 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో విలువిద్యలో పాల్గొంది. అదే ఊరి జీవాంజి దీప్తి 2024లో కోబె ప్రపంచ పారా అథ్లెటిక్స్‌లో మేధో వైకల్యం ఉన్నవారి 400 మీటర్ల టి20 విభాగాన్ని 55.07 సెకన్లలో ముగించి ప్రపంచ రికార్డు నెలకొల్పి, అదే ఏడాది పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. ఈ ఇద్దరూ వ్యక్తిగత క్రీడలవారు కావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు. జట్టు ఆటల్లో బడి పేరు మొదటి అంచెలోనే ఆగిపోతుండగా, ఒంటరిగా పరుగెత్తే, బాణం వేసే పిల్ల వెంట ఆ బడి పేరు కొంత దూరమైనా నడుస్తుంది.

పాలనా హద్దులు మారినప్పుడల్లా ఈ అంచెలూ మారాయి. తాలూకాల స్థానంలో 1985లో మండలాలు రావడంతో పోటీ బడికి దగ్గరైంది, పది పన్నెండు బడులు తమలో తాము ఆడుకునే చిన్న రంగస్థలం ఏర్పడింది. 2016 అక్టోబర్ 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి వేరు జిల్లాలైనప్పుడు గార్ల, బయ్యారం బడులు ఖమ్మం నుంచి మహబూబాబాద్‌లోకి, కాటారం, మహదేవపూర్ బడులు కరీంనగర్ నుంచి భూపాలపల్లిలోకి వచ్చి, అంతవరకు ఎన్నడూ ఎదురుపడని జట్లతో ఆడవలసి వచ్చింది. అయినా రాష్ట్ర జట్టు ఎంపికల్లో ఉమ్మడి వరంగల్ జిల్లా అన్న పాత గుర్తింపు కొనసాగుతూనే ఉంది. 2015లో ములుగు ప్రాంతపు బడిలో ఆరో తరగతిలో చేరిన విద్యార్థి మరుసటి ఏడు భూపాలపల్లి జిల్లావాడై, 2019 ఫిబ్రవరిలో ములుగు జిల్లావాడయ్యాడు. పదో తరగతికి వచ్చేసరికి మూడు జిల్లాల పేర్లు మారిన అతడు, రాష్ట్ర జట్టు కోసం ఆడాలంటే మాత్రం ఉమ్మడి వరంగల్ ఎంపికలకే వెళ్లవలసి వచ్చింది.