186వ సెక్షన్‌కు ప్రతిపదార్థం

మోటారు వాహనాల చట్టం, 1988లో 186వ సెక్షన్ చాలా చిన్నది. జనానికి ప్రమాదం తెచ్చే జబ్బో వైకల్యమో ఉందని తెలిసీ రోడ్డు మీద బండి నడిపితే జరిమానా వేస్తారు. 2019 సవరణ తర్వాత అది మొదటిసారికి 1,000 రూపాయల దాకా, మళ్లీ పట్టుబడితే 2,000 దాకా. మానసిక జబ్బు ఉన్నవాళ్ల విషయంలో ఈ సెక్షన్ అననిదాన్ని కూడా అన్నట్టు చెప్పుకుంటాం. అందుకే మాటమాటా విప్పి చూడాలి.

‘జబ్బు’: సెక్షన్‌లో ఏ జబ్బు పేరూ లేదు. లైసెన్సుకు నింపే ఫారం 1లో మూర్ఛ గురించి, ఉన్నట్టుండి స్పృహ తప్పడం గురించి నేరుగా అడుగుతారు. మానసిక జబ్బు మాత్రం ‘ప్రమాదం తెచ్చే మరే జబ్బయినా ఉందా’ అన్న ప్రశ్న కిందికే వస్తుంది. స్కిజోఫ్రెనియా, బైపోలార్ అన్న పేరు చీటీ మీద పడినంత మాత్రాన స్టీరింగ్ పట్టే అర్హత పోదు.

‘ప్రమాదం తెచ్చే’: అసలు సంగతంతా ఈ మాటలోనే ఉంది. మేనియా ఉద్ధృతంగా ఉన్నప్పుడు మూడు రాత్రులు నిద్ర లేకపోయినా అలసట తెలియదు, ఎంత వేగమూ వేగం అనిపించదు. డిప్రెషన్‌లో ముందున్న లారీ బ్రేకు లైటు కంటికి కనిపిస్తూనే ఉంటుంది, కాలు బ్రేకు మీదికి వెళ్లేసరికి ఆలస్యమవుతుంది. చావు ఆలోచనలు వస్తున్న రోజుల్లో బండి తాళాలు ఆ మనిషికి అందకుండా ఉంచాలి. సైకోసిస్ ముదిరితే అద్దంలో కనిపించే కారు తననే వెంటాడుతోందనిపిస్తుంది. మందులతో కుదురుకున్నాక అదే మనిషికి అది వెనకాల వచ్చే మామూలు కారు. అందుకే చూడాల్సింది జబ్బు పేరు కాదు, ఈ రోజు మనిషి ఎలా ఉన్నాడన్నది. బ్రిటన్‌లో సైకోసిస్ వచ్చినవాళ్లు డ్రైవింగ్ ఆపేయాలి. కారు నడపాలంటే కనీసం 3 నెలలు, బస్సో లారీయో అయితే 12 నెలలు కుదురుగా ఉండాలి. మన సెక్షన్‌లో అలాంటి గడువేమీ లేదు.

మందుల మత్తు సంగతి 185వ సెక్షన్ చూస్తుంది. కానీ డాక్టరు రాసిన మాత్రను మనం ఆ లెక్కలో వేసుకోం. రాత్రి పదకొండుకు మాత్ర వేసుకుని, నాలుగింటి రైలుకు స్టేషన్ బయట ఆటో నిలిపే ఒకాయన నాతో అన్నాడు: “చీటీలో రాత్రి అని రాశారు సార్. నా రాత్రి ఎంతసేపో ఎవరూ అడగలేదు.” క్లోనాజెపామ్ లాంటి మాత్రల మగత తెల్లారినా వదలకపోవచ్చు. అలాగని సొంతంగా మానేస్తే జబ్బు తిరగబెడుతుంది. వేళ, మోతాదు డాక్టరుతోనే మార్పించుకోవాలి.

‘తెలిసి’: అన్నిటికన్నా కష్టమైన మాట ఇది. మేనియాలో, సైకోసిస్‌లో తనకు బాగాలేదన్న ఎరుకే ముందు పోతుంది. చట్టం అడిగే ఆ తెలివిడి అప్పటికి భార్య దగ్గరో అన్న దగ్గరో ఉంటుంది. బాగున్న రోజుల్లోనే ఇంట్లో కూర్చుని, తాళాలు ఎప్పుడు ఎవరికివ్వాలో మాట్లాడుకోవడం మంచిది.

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ఒకప్పుడు వైద్యం చేయించుకున్నారన్న ఒక్క కారణంతో ఈనాటి మనిషికి జబ్బుందని తేల్చకూడదు. కాబట్టి దాచకండి. ఏ బండి నడుపుతారో, ఏ వేళల్లో నడుపుతారో డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి.